గొడ్డలికి లొంగని బొడిపె

తుపానుకు చెట్టు పడితే మనకు కనిపించేది కట్టెల మోపు. ఆ మాను మీది బొడిపెలో ఏం దాగుందో ఒక్కసారి చూసినవాళ్లు మాత్రం దాన్ని పొయ్యిలో పెట్టలేరు. విశాఖ వీధుల నుంచి ఏటికొప్పాక తరిణి దాకా ఒక చెక్క ముక్క వెంట సాగిన కథనం.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకు ఆ తేదీ ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. గంటకు 180 కిలోమీటర్ల దాకా వేగంతో వచ్చిన హుద్‌హుద్ గాలి ఊరిని చేటలో పోసి చెరిగినట్టు చెరిగి వెళ్లింది. మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే మా వీధి లేదు. వీధి ఉండాల్సిన చోట నిద్రగన్నేరు చెట్టు అడ్డంగా పడి ఉంది. ఇస్త్రీ బండికీ, ఆటోవాళ్లకీ, లెక్కలేనన్ని కాకులకీ ఏళ్ల తరబడి నీడనిచ్చిన చెట్టు.

అన్నట్టు, ఆ తుపానుకు పేరు పెట్టింది ఒమన్ దేశం. హుద్‌హుద్ అంటే మన కూకుడుగువ్వ. చెట్టు తొర్రలో గూడు పెట్టుకునే పిట్ట పేరుతో వచ్చిన గాలి చెట్లన్నిటినీ పడగొట్టి పోయింది.

కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్టు కోసం కొట్లాటలు. చెట్టు గురించి బాధపడే తీరిక ఎవరికుంది? గొడ్డళ్లు, రంపాలు పట్టుకుని మనుషులు వచ్చారు. నాలుగు రోజుల్లో కొమ్మలు పోయాయి, వారానికి మాను పోయింది. చివరికి ఒక్క ముద్ద మిగిలింది. మానుకు నడుమెత్తున ఉబ్బిన బొడిపె అది. పెద్ద గుమ్మడికాయంత ఉంది, బెరడంతా మొటిమలు. కట్టెలు కొట్టే అతను దాని మీద మూడు నాలుగు దెబ్బలు వేసి గొడ్డలి పక్కన పడేశాడు.

"ఇది సీలదు బాబూ. పొయ్యిలోకీ పనికిరాదు, దేనికీ పనికిరాదు."

ప్రపంచంలో కొన్నిచోట్ల అలాంటి ముద్ద కోసమే దొంగలు అర్ధరాత్రి అడవుల్లో దూరతారని నాకప్పటికి తెలియదు. రోడ్డుకు అడ్డమని పక్కకు దొర్లించి, మా ప్రహరీ లోపల పడేసుకున్నాను.

నిద్రమొగ్గల లోకం

వడ్రంగిని అడిగితే 'ముడి' అంటాడు. కానీ ముడి వేరు, బొడిపె వేరు. కొమ్మ పుట్టిన చోటును మాను తనలో కలుపుకుంటే ఏర్పడేది ముడి. బొడిపె పుట్టుక ఇంకా చిత్రంగా ఉంటుంది. చాలా చెట్ల బెరడు కింద మేలుకోని మొగ్గలుంటాయి. మాను బాగున్నంతకాలం అవి అలాగే నిద్రపోతాయి. జామాయిల్ తోట వేసినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదలంటా నరికేసిన మోడు నుంచి నెల తిరక్కుండా పిలకలు వస్తాయే, అవి ఆ నిద్రమొగ్గల నుంచి వచ్చినవే.

మానుకు దెబ్బ తగిలినా, పురుగో బూజో పట్టినా, కొమ్మల్ని పదేపదే నరికినా ఒక్కోసారి ఈ మొగ్గలు గుంపుగా లేస్తాయి. లేస్తాయే గానీ కొమ్మలుగా ఎదగవు. చెట్టు వాటి చుట్టూ ఏటికేడు చెక్క పేరుస్తూ పోతుంది. ఫలానా కారణం వల్లే ఇలా అవుతుందని ఒక్కదాన్ని వేలెత్తి చూపడానికి లేదు. చూపుకు కణితిలా ఉన్నా చాలాసార్లు దానివల్ల చెట్టుకు ముప్పేమీ ఉండదు. దాన్ని మోస్తూనే దశాబ్దాలు బతుకుతుంది. గులాబీలకీ, పండ్ల మొక్కలకీ వేరు మొదట్లో బాక్టీరియా వల్ల వచ్చే మెత్తటి గడ్డ సంగతి వేరు. అది రోగం, వడ్రంగానికి దానితో పనిలేదు.

మామూలు మానులో నార నిలువుగా సాగుతుంది. గొడ్డలి దెబ్బ ఆ నార వెంట దారి చేసుకుపోతుంది కాబట్టే కట్టె చీలుతుంది. బొడిపెలో నార సుడులు తిరుగుతుంది, వెనక్కి మళ్లుతుంది, ఒకదాన్నొకటి అల్లుకుంటుంది. ఆ కట్టెలతను చెప్పింది అక్షరాలా నిజం. అది చీలదు. మన మాంసం కొట్లలో చింతమొద్దు వాడేదీ ఇలాంటి కారణంతోనే. చింత నార కూడా అడ్డదిడ్డంగా పెనవేసుకుని ఉంటుంది కాబట్టి కత్తి దెబ్బకు మొద్దు విచ్చిపోదు.

ఆర్నెల్ల తర్వాత బొడిపెను ఆటోలో వేసుకుని గాజువాక వైపు ఒక సామిల్లుకు తీసుకెళ్లాను. మేస్త్రి చూసి చెయ్యి అడ్డం ఊపాడు.

"రోడ్డు పక్క సెట్టా? లోపల మేకులుంటాయి బాబూ. బ్లేడు పోతే డబ్బులు నువ్విస్తావా?"

న్యాయమైన ప్రశ్న. వీధి చెట్టు ఒంట్లో మనం కొట్టిన మేకులన్నీ ఉంటాయి. ట్యూషన్ బోర్డులకూ, సినిమా పోస్టర్లకూ, పార్టీ జెండాలకూ కొట్టినవి. చెట్టు వాటిని మింగి పైన చెక్క కప్పేస్తుంది. చివరికి అయస్కాంతం పట్టుకుని అంగుళం అంగుళం తడిమి, ఒక తీగ ముక్కనూ రెండు మేకులనూ పీకి, బ్లేడు ఖర్చు నాదేనని మాటిచ్చాక కోశాడు.

రెండు సగాలు విడివడ్డాక మిల్లులో నలుగురం మూగాం. పాకంలాంటి ముదురు రంగు, దాని మధ్య లేత గోధుమ రంగు తెరలు. ఎక్కడ చూసినా బఠాణీ గింజ కన్నా చిన్న చిన్న కళ్లు వందలకొద్దీ. ఒక్కో నిద్రమొగ్గ అడ్డంగా తెగితే ఒక్కో కన్ను. మేస్త్రి అరచేత్తో పొట్టు తుడిచి కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత బ్లేడు ఖర్చు కూడా అడగలేదు.

ఒకే ఏడాది, రెండు తీరాలు

ఈ కళ్లకు ప్రపంచంలో పెద్ద బేరం ఉంది. ఖరీదైన కార్ల డాష్‌బోర్డు మీద మెరిసే చెక్క పలక చాలాసార్లు అక్రోటు బొడిపెను కాగితంలా పల్చగా ఒలిచి అతికించినదే. పొగాకు పైపు తయారయ్యేది మధ్యధరా తీరపు బ్రయర్ పొద వేరు మొదట్లోని గడ్డతో. దాన్ని ముందు గంటల తరబడి నీళ్లలో ఉడకబెట్టి, తర్వాత నెలల తరబడి ఆరబెడతారు. మొరాకోలోని ఎస్సౌయిరా అనే రేవు పట్నంలో థూయా చెట్టు బొడిపెలతో పెట్టెలు చేసి అమ్మే వీధులే ఉన్నాయి. ఇండోనేషియాలోని అంబన్ దీవి పేరు మీద అంబోయినా అని పిలిచే బొడిపె వీటన్నిటిలో రాజు.

బేరం ఉన్నచోట దొంగ ఉంటాడు. 2014 మార్చిలో, అంటే మనకు హుద్‌హుద్ రావడానికి ఏడు నెలల ముందు, అమెరికాలోని కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ అడవి మధ్య నుంచి వెళ్లే న్యూటన్ బి. డ్రూరీ రోడ్డును రాత్రిపూట మూసేయాల్సి వచ్చింది. కారణం బొడిపె దొంగలే. వందల ఏళ్ల మహావృక్షాల మొదళ్ల నుంచి బొడిపెల్ని రంపాలతో పలకలుగా కోసుకుపోతున్నారు. రెడ్‌వుడ్‌కు ఆ బొడిపె అలంకారం కాదు, వారసత్వం. మాను కాలినా కూలినా దానిలోని మొగ్గల నుంచే కొత్త మాను లేస్తుంది. బొడిపెను కోసుకుపోతే ఆ దారి మూసుకుపోతుంది. పైగా బెరడు ఊడిన అంత పెద్ద పుండు లోంచి పురుగూ కుళ్లూ లోపలికి దిగుతాయి.

అందుకే ఈ పనిలో ఆరితేరిన వాళ్లలో మర్యాద ఉన్నవాళ్లంతా ఒకే మాట మీద నిలబడతారు. బతికున్న చెట్టు మీద చెయ్యి వేయరు. పడిన చెట్టు, రోడ్డు కోసం ఎలాగూ తీసేసే చెట్టు, ఇంటి మీద పడేలా ఉందని అనుమతితో కొట్టేసే చెట్టు, వీటి దగ్గరే ఆగుతారు. నా లెక్కలో ఇది సలహా కాదు, షరతు.

అడవుల దొంగతనం అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అంబోయినాకు మన వేగిస, ఎర్రచందనం రెండూ దగ్గరి చుట్టాలే, ఒకే ప్రజాతి. వేగిస గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున్న తాగే అలవాటు మన ఇళ్లలో చక్కెర రోగులకు తెలిసిందే. ఇక ఎర్రచందనంలో అన్ని మానులకూ ఒకే ధర పలకదు. లోపల నార అలలు అలలుగా ఉన్న దుంగకే గిరాకీ. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడ కొయ్య చేసేవాళ్లు ఆ అల కోసమే చూస్తారు. నార దారి తప్పడమే ఇక్కడా చెట్టుకు ప్రాణాంతకమైంది. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నా శేషాచలంలో గొడ్డలి చప్పుడు ఆగలేదు. కాబట్టి బొడిపెల గురించి రాస్తున్నానని ఎవరూ ఉలి పట్టుకుని కొండెక్కొద్దు.

కొండ మీద మనకు ఏమీ లేదు

ఉత్సాహవంతులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. కంబాలకొండలో ఎన్ని చెట్లు పడి కుళ్లిపోతున్నాయో, వాటిని తెచ్చుకుంటే తప్పేమిటి?

తప్పే. కంబాలకొండ దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. అక్కడ ఎండు పుల్ల కూడా మనది కాదు. చట్టం సంగతి అలా ఉంచినా, పడి కుళ్లే మాను వడ్రంగిపిట్టకు ఇల్లు, చెదలకు తిండి, ఆ చెదల్ని తినే జీవులన్నిటికీ సంత. రిజర్వు అడవిలోనూ అంతే. 1967 నాటి అటవీ చట్టం, 1970 నాటి రవాణా నియమాలు ఉన్నాయి. సొంత పెరట్లో చెట్టు కొట్టాలన్నా 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి అడగాలి. బొడిపె తెచ్చుకునేవాళ్ల దగ్గర అది ఎక్కడిదో చెప్పే కాగితం ఉండాలి. కాగితం ఉంటేనే అది కళ. లేకపోతే ఎంత నున్నగా చిత్రిక పట్టినా కేసే.

పాడేరు, అరకు వైపు కాఫీ తోటల మాట వేరు. హుద్‌హుద్‌కు అక్కడ కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ చెట్టును మనవాళ్లు ప్యాకింగ్ పెట్టెలకు తప్ప పెద్దగా లెక్క చేయరు. అదే దుంగను నడిమి నుంచి అంచు వైపు నిలువుగా కోస్తే పలక నిండా లేసు అల్లినట్టు మెరిసే మచ్చలు వస్తాయి. బొడిపె అక్కర్లేకుండానే బొమ్మ. చెక్క ఒకటే, కోసే దిక్కు మారితే ధర మారిపోతుంది.

అంకుడు చెప్పిన సంగతి

నా బొడిపెలో ఒక సగాన్ని సంచిలో వేసుకుని ఏటికొప్పాక వెళ్లాను. విశాఖ నుంచి సుమారు 65 కిలోమీటర్లు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. మనందరి చిన్నతనంలో లక్కపిడతలుగా ఇంటికొచ్చిన ఊరు అది.

తరిణి దగ్గర కూర్చున్న పెద్దాయన ముక్కను చేతిలో తిప్పి చూసి నవ్వాడు. "మాకు ఇది పగోడు బాబూ. మా అంకుడు ఎన్నలాటిది."

వెన్నే మరి. అంకుడు కర్ర తెల్లగా, సన్నటి నారతో, ఉలి ఎటు తోస్తే అటు వచ్చేస్తుంది. బొడిపెకు సరిగ్గా ఎదురు గుణం. కర్రను నెలల తరబడి ఆరనిచ్చి, తరిణి మీద తిప్పుతూ ఆకారం తీస్తారు. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. పైన మొగలి ఆకుతో ఒత్తి రుద్దితే అద్దంలాంటి మెరుపు. రసాయన రంగులు ఊరిని కమ్మేసిన కాలంలో పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి సహజ రంగుల వైపు దాన్ని మళ్లించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినాన ఏటికొప్పాక బొమ్మలు రాష్ట్ర శకటమెక్కి ఢిల్లీ వీధిలో ఊరేగాయి.

అవార్డులు వచ్చినంత త్వరగా అంకుడు పెరగదు. ఊళ్లో ఎవరిని కదిపినా మాట చివరికి కర్ర దగ్గరికే వస్తుంది. నిజానికి అంకుడు మొండి ప్రాణం. మొదలు మిగిల్చి కొడితే మళ్లీ పిలకలేస్తుంది. మేకలు కొరక్కుండా నాలుగేళ్లు కాపలా కాస్తే మళ్లీ కర్ర. వేరుతో సహా పెకలిస్తే మాత్రం అదే చివరి బొమ్మ. బొడిపె తీసేవాడికీ బొమ్మ చేసేవాడికీ నిద్రమొగ్గే పెట్టుబడి అన్న సంగతి నాకు ఆ తరిణి పక్కన కూర్చున్నప్పుడే తట్టింది.

పెద్దాయన నా ముక్కను తిప్పడానికి ఒప్పుకున్నాడు. ఉలికి రెండుసార్లు పదును పెట్టాల్సి వచ్చింది. అడ్డనారకు ఉలి తగిలినప్పుడల్లా చెక్క పెచ్చులుగా లేచింది. చివరికి వచ్చింది అరచేతిలో ఇమిడే కుంకుమ భరిణె. దానికి లక్క పూస్తానంటే నేనే వద్దన్నాను. కళ్లు కప్పేసుకోవడం ఎందుకని.

పగిలిన సగం

రెండో సగం కథ మాత్రం సిగ్గుతో చెప్పాలి. త్వరగా ఆరాలని డాబా మీద ఎండలో పెట్టాను. బొడిపె భాగం బాగానే నిలిచింది. దానికి అంటుకుని ఉన్న మాను చెక్క మూడో రోజుకే వేలు దూరేంత పగిలింది. పచ్చి చెక్కలో నీరు అంచుల నుంచి ముందు పోతుంది, లోపల నిలిచిపోతుంది. పైన ముడుచుకుంటుంది, లోపల ముడుచుకోదు. ఆ లాగుడుకే పగులు.

కాబట్టి చెక్క దొరికిన వెంటనే కోసిన అంచులకు కరిగించిన మైనం పూయాలి. నీడలో, నేలకు తగలకుండా, ఫ్యానుకు దూరంగా పెట్టాలి. గిన్నె చేయాలనుకుంటే పచ్చిగా ఉన్నప్పుడే మందంగా తిప్పి వదిలేయాలి. పది అంగుళాల గిన్నెకు అంగుళం గోడ. దాన్ని రంపపు పొట్టులో పూడ్చి, వారానికోసారి తక్కెడలో వేసి చూస్తూ ఉంటే బరువు తగ్గడం ఎప్పుడో ఆగిపోతుంది. అప్పుడు రెండోసారి తిప్పాలి. పలకలైతే అంగుళం మందానికి ఏడాది ఆగాలన్నది పాత లెక్క. మన సముద్రపు తేమలో ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. నున్న చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

తుపాను కోసం ఎదురుచూడక్కర్లేదు కూడా. మా విశాఖ రేవు పట్నం. 1933లో ఓడరేవు తెరుచుకున్నప్పటి నుంచి సరుకుతో పాటు ప్యాకింగ్ చెక్కా దిగుతూనే ఉంది. ఆటోనగర్ వైపు పాత సామాను కొట్లలో అలాంటి చెక్క కనిపిస్తే ముందు దాని మీది ముద్ర చూడండి. గోధుమ కంకి గుర్తు పక్కన హెచ్‌టీ అని ఉంటే పురుగు చావడానికి వేడి చేసిన చెక్క. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టినది. దాన్ని వంటింటి దరిదాపులకు రానివ్వొద్దు. వన్‌టౌన్‌లో పాత పెంకుటిళ్లు కూల్చినప్పుడు దిగే దూలాల్లో ఒకప్పుడు రంగూన్ నుంచి వచ్చిన బర్మా టేకు ఇంకా దొరుకుతుంది. ఉత్తరాంధ్ర జనం కూలికి వెళ్లిన దేశం నుంచి వచ్చిన కర్ర అది. వెళ్లినవాళ్లలో తిరిగొచ్చి కంచరపాలెం దగ్గర స్థిరపడిన వాళ్ల పేటకు ఇప్పటికీ బర్మా క్యాంప్ అనే పేరు. ఆ దూలాల్ని కట్టెల లెక్కన తూకం వేసి అమ్మేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో పుట్టే తుపానులకు 13 దేశాలు ఇచ్చిన 169 పేర్ల జాబితా 2020లోనే విడుదలైంది. అంటే మన వీధి మీదికి రాబోయే గాలికి పేరు ఇప్పటికే పెట్టేసి ఉంచారు. మన దగ్గర మాత్రం పడిన చెట్టును ఏరి దాచడానికి ఒక రేకుల షెడ్డు లేదు. నగరపాలక సంస్థ వార్డుకొకటి కాకపోయినా ఊరి మొత్తానికి ఒక్కటి పెట్టొచ్చు. నేరుగా ఉన్న పనస దుంగ పడితే బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి వాళ్లకు, బొడిపె పడితే తరిణివాళ్లకు కబురు వెళ్లాలి. మిగిలిందే కట్టెలకు పోవాలి. అందాకా మీ వీధిలో చెట్టు పడితే, దారి ఖాళీ చేయించండి, కానీ గొడ్డలి పడకముందు ఒక్కసారి దాని చుట్టూ తిరిగి చూడండి. చీలని ముద్ద ఏదైనా కనిపిస్తే దానికి ఆ రాత్రే మైనం పూయండి.